చిరగని ఆకు

భావన్నకి ఐదేళ్ళలోనే చదువు పూర్తయిపోయింది. అదే అతని కష్టం.

మిగతా శిష్యులకి తొమ్మిదేళ్ళు పట్టే చదువది. భావన్న ఒక్కసారి వింటే చాలు, రెండోసారి చెప్పించుకునేవాడు కాడు. నాగావళి ఒడ్డున ఉన్న కూర్మయోగి ఆశ్రమంలో అంత తెలివైనవాడు ఇంతకుముందు లేడని అందరూ అనేవారు. నలుగురూ అంటున్న మాటని కాదనడం మర్యాద కాదని భావన్న కూడా దాన్ని నమ్మాడు.

దక్షిణాన పెద్ద విద్యాపీఠం ఒకటుంది. అక్కడ చేరాలని అతని కోరిక. ఏడాదికొకసారి, వైశాఖ పున్నమినాడు మాత్రమే కొత్తవాళ్ళని చేర్చుకుంటారు. కిందటేడు గురువు పంపలేదు. ఈ ఏడూ పంపేలా లేడు. పున్నమి ఇంకా నలభై రోజులుంది, నడక చూస్తే నెల రోజులుంది.

ఇక ఉండబట్టలేక ఒక ఉదయం వెళ్ళి గురువు ముందు కూర్చున్నాడు.

"గురువుగారూ, నాలో ఏం తక్కువైంది?"

"తక్కువని నేనన్నానా?" అన్నాడు కూర్మయోగి.

"మరి సెలవెందుకు ఇవ్వడం లేదు?"

"నువ్వు సెలవాకు రాసి తేలేదుగా."

ఆ ఆశ్రమంలో అదొక ఆచారం. వెళ్ళిపోయే శిష్యుడు తాటాకు మీద గంటంతో రెండే రెండు పంక్తులు రాయాలి. ఈ చదువు ఎవరివల్ల వచ్చిందో మొదటి పంక్తి. ఎవరికోసమో రెండో పంక్తి. గురువు చదివి కింద తన గుర్తు గీయాలి. ఆ గుర్తు లేనిదే విద్యాపీఠంలో గడప దాటనివ్వరు.

"ఇంతేనా? ఇప్పుడే రాసేస్తాను" అన్నాడు భావన్న. ఊరుకోలేక ఇంకో మాట కూడా అన్నాడు. "నా రాత సంగతి మీకు తెలియనిదా? ఆరేళ్ళలో ఒక్క ఆకు చింపలేదు. ఈ ఆశ్రమంలో అలా చెప్పగలిగేవాళ్ళు ఇంకొకరు లేరు."

అది నిజమే. గంటం పట్టినవాళ్ళందరి చేతుల్లోనూ ఎప్పుడో ఒకప్పుడు ఆకు చీలుతుంది. భావన్న చేతిలో చీలలేదు.

కూర్మయోగి చెయ్యి చాచి, భావన్న ఒళ్ళో ఉన్న, అతను రోజూ రాసే ఆకుల కట్టని తీసుకుని తన పీట కింద పెట్టేసుకున్నాడు. పక్కన చిన్నపిల్లల ఆకుల కట్ట ఉంటే అది అతనికిచ్చాడు.

"దీని మీద రాసుకు రా."

భావన్న తన చోటికి వెళ్ళి కూర్చుని మొదటి అక్షరం రాశాడు. తలకట్టు దగ్గర ఆకు చీలింది. ఇంకొకటి తీశాడు. అదీ చీలింది. మూడోది రెండు ముక్కలై చేతిలోకి వచ్చింది. ఎదురుగా ఉన్న పిల్లలు తలలు వంచుకుని నవ్వుకున్నారు. మధ్యాహ్నానికి తొమ్మిది ఆకులు పాడయ్యాయి, ఒక్క పంక్తి కూడా పూర్తి కాలేదు.

కోపం నషాళానికంటింది. కట్ట పట్టుకుని, రాతకి తాటాకులు తయారుచేసే ఆకుల పాకకి వెళ్ళాడు. ఆరేళ్ళలో అతను ఆ పాకలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పొద్దున లేచేసరికి ఆకులు అతని పీట పక్కన ఉండేవి, అంతే. ఎవరు పెడుతున్నారని ఎన్నడూ అడగలేదు.

పాకలో గవిరయ్య పసుపునీళ్ళలో ఉడికిన ఆకులు తీసి ఆరబెడుతున్నాడు. నలభై ఏళ్ళు దాటినవాడు. ఒకప్పుడు తాడిచెట్లెక్కి ఆకు కోసి ఆశ్రమానికి అమ్మేవాడు. ఇన్నేళ్ళు నేను కోసిన ఆకుల మీద ఏం రాశారో నాకూ చెప్పండని ఒకరోజు గురువు ముందు కూర్చుని శిష్యుడైపోయాడు. అక్షరాలు ఇంకా కూడబలుక్కుంటున్నాడు. రాసిన ఆకులకి మసి పూయడం కూడా అతని పనే. పూస్తే గాని గీసిన అక్షరాలు కళ్ళకి కనబడవు. ఆ మసితో అతని వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉంటాయని భోజనాల దగ్గర భావన్న కాస్త దూరంగా జరిగి కూర్చునేవాడు.

"ఇవేం ఆకులు గవిరయ్యా? ముట్టుకుంటే చీలిపోతున్నాయి. ఇలాంటివి ఇచ్చి పిల్లల చేత ఎలా రాయిస్తున్నావు?"

గవిరయ్య కట్ట అందుకుని తిప్పి చూశాడు.

"ఇయి మంచి ఆకులే బాబూ. అందరూ రాసేయి ఇయ్యే."

"మరి నాకెప్పుడూ ఇలా కాలేదే?"

గవిరయ్య ఆరబెట్టిన ఆకునే మళ్ళీ సర్దాడు.

"నిన్నే అడుగుతున్నాను."

"నీ సెయ్యి బరువు బాబూ" అన్నాడు చివరికి. "తలకట్టు కాడ మరీ నొక్కుతావు. నువ్వొచ్చిన మొదటినాడే సూసినాను. అందుకే ముదురాకు ఏరి నీకు ఏరేగా కట్ట కట్టీవోణ్ణి. నూరాకుల్లో నాలుగో అయిదో తగుల్తాయి."

"ఆరేళ్ళూనా?"

"సెప్తే సెయ్యి బెదురుద్దని సెప్పనేదు."

భావన్నకి తను ఒక్క ఆకు చింపలేదని ఎంతమంది దగ్గర చెప్పుకున్నాడో ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది. చెవులు వేడెక్కాయి.

"నువ్వు కూడా రాయడం నేర్చుకుంటున్నావుగా. నువ్వు దేని మీద రాస్తావు?"

"నాది మరీ మోటు సెయ్యి. సెట్టెక్కిన సెయ్యి కదా. మామూలాకు అసలాగదు. ఇసకలో రాసుకుంటాను."

"ముదురాకు నీ దగ్గరే ఉందిగా?"

గవిరయ్య అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "ఉన్నయ్యి కాసిని. నువ్వు పొద్దున్నే వల్లిస్తుంటే ఈ పాకలోంచి ఇంటాను. నాకా సదువు ఎప్పటికొస్తదో. నీకొచ్చేస్తంది. నాను ఏరిన ఆకు మీద వస్తంది కదా అనుకుంటే కడుపు నిండిపోద్ది."

భావన్న ఆ తడి నేల మీదే కూలబడ్డాడు. అతనికి కళ్ళనీళ్ళొచ్చాయి. సిగ్గుతో వచ్చినవి కొన్ని. ఎక్కువ మాత్రం సిగ్గువి కావు. తనకి తెలియకుండా తననెవరో ఆరేళ్ళు ఎత్తుకుని మోశారని తెలిస్తే ఎవరికైనా అలాగే ఉంటుంది.

"అన్నా, నాకు చెయ్యి తేలిక చేసుకోవడం నేర్పు" అన్నాడు.

"నాకేటి తెలుసు బాబూ?"

"ఎక్కడ నొక్కుతున్నానో నీకొక్కడికే తెలుసు."

మర్నాటినుంచి భావన్న ఆకుల పాకలోనే కూర్చున్నాడు. గవిరయ్య తన పని తాను చేసుకుంటూ, గంటం చప్పుడు విని "అదిగో, నొక్కినావు" అనేవాడు. నొక్కేవాడే. ఆకు చీలేది. మధ్యలో భావన్న లేచి ఆకులు ఆరబెట్టేవాడు. భోజనాల దగ్గర ఇద్దరూ నల్లవేళ్ళతో పక్కపక్కనే కూర్చునేవారు.

ఎనిమిదోనాటికి రెండు పంక్తులూ మామూలు ఆకు మీద నిలిచాయి.

గవిరయ్య ఆ ఆకుకి మసి పూసి గుడ్డతో తుడిచాడు. అక్షరాలు ఒక్కొక్కటే నల్లగా తేలాయి. కొత్తగా రాసిన ఆకు ఏది దొరికినా కూడబలుక్కుని చదవడం అతని అలవాటు. మొదటి పంక్తిలో గురువు పేరు దాటి వేలు ముందుకి జరిపాడు.

"గ... వి... ర..."

అక్కడ ఆగిపోయాడు. మిగిలిన అక్షరం అతనికి తెలియనిది కాదు. పైకి మాత్రం చదవలేకపోయాడు. మసిచేత్తోనే కళ్ళు తుడుచుకుంటే ముఖమంతా నల్లనైంది.

భావన్న ఆ ఆకు తీసుకెళ్ళి గురువు ముందు పెట్టాడు. కూర్మయోగి దాన్ని వెలుతురుకి పట్టుకున్నాడు. రెండో పంక్తిలో, 'నాకన్నా నిదానంగా చదివేవాళ్ళ కోసం' అని ఉంది.

"ఎన్ని చిరిగాయి?" అని అడిగాడు.

"నలభై ఒకటి, గురువుగారూ."

యోగి పీట కిందనుంచి ఆ ముదురాకుల కట్ట తీసి ముందుకి జరిపాడు.

"ఇది నీదేగా. తీసుకుపో. అక్కడ పనికొస్తుంది."

భావన్న కట్ట తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. మళ్ళీ గురువు ముందే పెట్టాడు.

"గవిరయ్యన్నకి ఇవ్వండి. ఇంకా ఇసకలో రాసుకుంటున్నాడు."

కూర్మయోగి గంటం తీసుకుని ఆకు కింద తన గుర్తు గీశాడు.

"పున్నమికి అందుకోవాలి" అన్నాడు. "బయల్దేరు, నాయనా."