బేగి నిండే కుండ

కొండలకింకా పేర్లు పెట్టని కాలంలో, కొండ మీంచి పారే ఒక గెడ్డ పక్కన సంత జరిగేది. ఆ సంతలో కుమ్మరి నూకాలు కుండలమ్మేది. ఆమెకు ముక్కు మీదే కోపం. ఎందుకుండదు? ఒక్కగానొక్క కూతురు, నిండు చూలాలు, పెద్ద కుండతో గెడ్డ గట్టెక్కుతూ జారిపడి చనిపోయింది. ఆ కుండ నూకాలు చేసి, కూతురి అత్తకి అమ్మిందే. ఇక ఎవరి మీద మండిపడాలి?

ఒక సంతరోజున అప్పలకొండ అనే ఆవిడ కోడలు బంగారిని వెంటేసుకుని వచ్చింది. బంగారికి ఎనిమిదో నెల. అత్త తిన్నగా వెళ్లి అన్నిటికన్నా పెద్ద కుండ మీద చెయ్యేసింది.

"ఇదియ్యి. కోడలు నీల్లు తేవాల."

నూకాలు గుండె భగ్గుమంది. అయినా మొదట బతిమాలింది.

"అప్పా, అది గింజలు పోసుకునే కుండ. పిల్ల కడుపు సూడు."

"మేం కడుపుతో మొయ్యలేదేటి? పెద్ద కుండే ఇయ్యి."

రెండోసారి తిట్టింది.

"నీకున్నయి కల్లా, గుంటలా? సంపుతావేటి దాన్ని?"

"నువ్వు కాపోతే ఇంకో కుమ్మరి!" అని అప్పలకొండ విసురుగా లేచింది.

పక్కనున్న కుమ్మరి దగ్గర ఇంకా పెద్ద కుండలున్నాయి. బంగారి తలెత్తలేదు. నూకాలు పళ్లు బిగించి కోపం దిగమింగింది. అప్పుడు చూసింది ఆ అత్త మొహం. అందులో ఏదో భయం ఉంది. మూడోసారి మెల్లగా అడిగింది.

"పెద్ద కుండే ఎందుకప్పా?"

అప్పలకొండ గొంతు తగ్గించింది. "సిన్నదైతే పదిసార్లు ఎల్తాది. ఎల్లినప్పుడల్లా ఆడోల్లకి నా మీద సాడీలు సెప్తాది."

"ఓసింతేనా! గెడ్డ ఇసకలో సెలమ తీసి నీల్లు సిప్పతో తోడాల కదా. పెద్ద కుండ నిండేదాకా అది కూకుని ఏటి సేస్తాది? నీ మీదే సెప్తాది. సిన్న కుండ బేగి నిండుతాది. నోరిప్పేలోపు ఇంటికొచ్చేస్తాది."

అప్పలకొండ మొహం వెలిగింది. చిన్న కుండని మూడుసార్లు తట్టి చూసి కొనుక్కుపోయింది.

వాళ్లు కనుమరుగయ్యాక నూకాలు ఆ పెద్ద కుండనెత్తి నేలకేసి బద్దలుకొట్టింది.

"బిడ్డ పోతాదంటే కదల్లేదు. సాడీలంటే కదిలింది! నా కూతురి అత్తనీ ఆనాడు ఎందుకని ఒక్క మాట అడిగుంటే..." అంటూ పెంకుల మధ్య కూలబడి ఏడ్చింది.

బంగారి పండంటి ఆడపిల్లని కంది. నూకాలు ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది.

ఇప్పటికీ ఆ సంతలో కుమ్మరులు, ఎందుకని అడగందే కుండ చూపించరు. "సిన్న కుండ బేగి నిండుతాది" అని అత్తలు తమ తెలివే అన్నట్టు చెప్పుకుంటారు. కోడళ్లు కిక్కురుమనరు. చెలమ దగ్గర మాత్రం మొదటి చిప్పెడు నీళ్లు నూకాలు పేరు చెప్పి నేల మీద పోస్తారు. ఆమె కోపం ఇంకా చల్లారలేదట. చల్లారకూడదు కూడా.