కావలి బండ ఎక్కిన గరిక

మద్దికోన అనే అడవి ఒకటి ఉండేది. నిండా మద్దిచెట్లు, వెదురు పొదలు, వాటి నడుమ ఒక వాగు. ఆ అడవిలో దుప్పులు, కుందేళ్ళు, కొండముచ్చులు, ఏదుపందులు, అడవిపందులు, ఎలుగుబంట్లు కలిసి బతికేవి. కలిసి బతకడం అంటే ఊరికే తిని పడుకోవడం కాదు పిల్లలూ. అక్కడ ఈడు వచ్చిన ప్రతి ప్రాణీ అడవి కోసం ఏదో ఒక పని చేయాలి.

కొందరు ముళ్ళు కమ్మిన బాటలు తెరిచేవారు. కొందరు చిటారు కొమ్మల కాయలు రాల్చి కింద ఉన్నవాళ్ళకు పెట్టేవారు. కొందరు ఎండాకాలంలో వాగు ఇసుకలో చెలమలు తవ్వేవారు. చెలమ అంటే తెలుసుగా, ఎండిన వాగులో తవ్వే గుంట. సరైన చోట తవ్వితే అడుగున నీళ్ళు ఊరతాయి. కానిచోట తవ్వితే ఒళ్ళు నొప్పులే మిగులుతాయి.

ఇక కొందరు కావలి బండ మీద నిలబడేవారు. చిరుతపులి వస్తే కేక పెట్టి అందరినీ తప్పించడం వాళ్ళ పని. ఈ కావలివాళ్ళకు ఉన్న మర్యాద ఇంతా అంతా కాదు. తొలి పండు వాళ్ళకే. బాటలో వాళ్ళు ఎదురైతే ముసలివాళ్ళు కూడా పక్కకు జరిగేవారు. అందుకే ఏ ఇంట చూసినా ఒకటే పాట: మా పిల్ల బండ ఎక్కాలి, మా పిల్లవాడు బండ ఎక్కాలి.

పిల్లలకు చదువు చెప్పేది నల్లవ్వ అనే ముసలి ఎలుగుబంటి. అడుగుజాడలు, గాలి వాటం, విషపు ఆకులు అన్నీ నేర్పేది. చదువు అయిపోయాక వెంటనే పనిలో పెట్టేది కాదు. పిల్లలు ఒక్కో పనివాళ్ళ వెంట కొన్నాళ్ళు తిరగాలి. ఆ పని తమ చేత్తో చేసి చూడాలి. దాన్ని మద్దికోనలో ‘వెంట తిరుగుడు’ అనేవారు. అది ముగిశాక నల్లవ్వ ఒక్కొక్కరినీ దగ్గర కూర్చోబెట్టుకుని అడిగేది.

“ఏ పని చేస్తుంటే నీకు ఆకలి గుర్తుకు రాలేదు?”

ఆ జవాబును బట్టి పని. తల్లిదండ్రులు దూరంగా నిలబడాలి, మధ్యలో నోరు పెట్టకూడదు. అదీ కట్టుబాటు.

ఆ అడవిలోనే కోరయ్య అనే అడవిపంది ఉండేవాడు. మంచి బలశాలి. భార్య తుంగమ్మ, కూతురు గరిక, కొడుకు బుడమ. బుడమ ఇంకా ఒంటి మీద చారలు పోని పసివాడు. కోరయ్యకు పిల్లలంటే ప్రాణం, అందులో అబద్ధం లేదు. కానీ ఆయన గుండెలో ఒక ముల్లు ఉండేది. చిన్నప్పుడు ఎవరో దుప్పి పెద్దమనిషి ఆయన్ని చూసి, “బురదలో పొర్లే జాతికి బండ ఎందుకురా” అని నవ్వాడు. ఆ మాట అన్నవాడు ఎప్పుడో పోయాడు. మాట మాత్రం పోలేదు. తన కూతురిని బండ ఎక్కించి, ఆ దుప్పుల చేతే దారి ఇప్పించాలని కోరయ్య పట్టుదల.

వెంట తిరుగుడు రోజుల్లో గరిక చెలమలు తవ్వే ముసలి ఏదుపంది వెంట తిరిగింది. పొద్దుగూకే దాకా ఇంటికి వచ్చేది కాదు. వచ్చిందంటే ముట్టె నిండా తడి మట్టి, నోటి నిండా నీళ్ళ కబుర్లు.

“నాన్నా, ఇసుక కింద నీళ్ళున్న చోట పైన గాలి కూడా వేరే వాసన వేస్తుంది. తాతకంటే ముందు నేనే పసిగట్టాను ఇవాళ,” అంది ఒకనాడు.

“తవ్వేవాళ్ళకు ఎవరు లేచి దారి ఇస్తారు తల్లీ? నీళ్ళు తాగేసి గుంటలో కాలు కడుక్కుని పోతారు,” అన్నాడు కోరయ్య.

గరిక ముఖం చిన్నబోయింది. ఆ రోజు నుంచి కోరయ్య కూతురి చెవిలో ఇల్లు కట్టుకుని పోరు పెట్టాడు. నల్లవ్వ అడిగితే కావలి బండ అని చెప్పు. ఆకలి మరిచిపోయింది బండ మీదే అని చెప్పు. నాన్న పరువు నీ నోట్లో ఉంది. పాపం, తండ్రి అంతగా బతిమాలుతుంటే ఏ కూతురు కాదంటుంది?

అడిగే రోజు వచ్చింది. గరిక తల వంచుకుని, నేర్పిన మాటే అప్పజెప్పింది. నల్లవ్వ ఆమె ముట్టెకేసి చూసింది. అక్కడ ఇంకా మట్టి ఆరలేదు. ఎలుగుబంటి లేచి నెమ్మదిగా కోరయ్య దగ్గరకు నడిచింది.

“కోరయ్యా, ఈ మాట పిల్లది కాదు. బండ మీద పని దూరపు చూపుది. మీ వాళ్ళకు చూపు మందం, ముక్కు చురుకు. దేవుడు ఇచ్చింది వదిలేసి ఇవ్వనిది అడుగుతావేం?”

కోరయ్యకు ఒళ్ళు మండింది. “అవునవ్వా, మేం బురదలో వాళ్ళం. మా పిల్లలకు కళ్ళు కూడా ఉండవు కదూ,” అన్నాడు.

“నేను అన్నది అది కాదు.”

“అందరూ అనేది అదే. ఇప్పుడు నీ నోట కూడా విన్నాను. పిల్ల బండ అంది. నీ కట్టుబాటు ప్రకారమే అడిగావు, చెప్పింది. ఇవ్వు.”

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనేవాడితో ఎవరు వాదించగలరు? ఆ పక్కనే నాలుగు కాళ్ళతో నిలబడ్డ కుందేళ్ళు కూడా నోరు మెదపలేదు. నల్లవ్వ గరికను చూసి, “నేను దారి చెప్పగలను గాని, మీ బదులు నడవలేను,” అంది. గరిక బండ ఎక్కింది.

ఆ సాయంత్రం కోరయ్య కూతురిని వెంటబెట్టుకుని అడవంతా తిరిగాడు. దుప్పులు దారి ఇచ్చాయి. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత సంతోషం ఆయన జన్మలో ఎరగడు.

బండ మీద గరిక పాట్లు మాత్రం పగవాడికి కూడా వద్దు. ఎండకు కళ్ళు చెమర్చేవి. దూరాన ఉన్నదంతా పొగమంచులా కలిసిపోయేది. వెదురు ఊగితే చిరుత అనుకుని కేక పెట్టేది. అడవంతా మేత వదిలి పరుగెత్తేది. తీరా చూస్తే ఏమీ ఉండేది కాదు. ఎండుటాకుల కుప్పను చూసి ఒకసారి, ఎర్రమట్టి గట్టును చూసి ఒకసారి కేక పెట్టింది. ఒక తల్లి కుందేలు పరుగులో కాలు విరగ్గొట్టుకుంది.

గొణుగుడు మొదలైంది. “పంది కేకకు పరుగెత్తితే మోకాళ్ళు అరగడమే,” అన్నాయి దుప్పులు. ఆ మాట కోరయ్య చెవిన పడింది. ఆయన సరాసరి బండ దగ్గరకు వెళ్ళాడు.

“గరికా, నా తల తీసేస్తున్నావు. ఖాయంగా తెలిస్తేనే కేక పెట్టు. అనుమానం అయితే నోరు మూసుకో.”

“నాకు ఏదీ ఖాయంగా కనిపించదు నాన్నా,” అంది గరిక. “దిగిపోతాను.”

“దిగితే నేను ఈ అడవిలో తలెత్తుకోలేను.”

గరిక మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నోరు మూసుకుని నిలబడడం నేర్చుకుంది. తండ్రి ఆ మౌనం చూసి, పిల్ల పనిలో కుదురుకుందని మురిసిపోయాడు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగు ఎండింది. చెలమలు తవ్వే ముసలి ఏదుపంది ఆ వేసవిలోనే కన్నుమూసింది. ఆ తాత వెంట తిరిగి పని ఒంటబట్టించుకున్న పిల్ల ఎక్కడుంది? బండ మీద ఉంది. మిగతా పిల్లలు కూడా బండ మీదో, బండ కిందో, వంతు కోసం కాచుకునో ఉన్నారు. కొండముచ్చులు, దుప్పులు కలిసి వాగులో తోచినచోటల్లా తవ్వాయి. ఇసుక తప్ప ఏమీ రాలేదు.

ఇక నీళ్ళు మిగిలింది ఒక్కచోటే, అడవి అంచున చెట్టూ చేమా లేని మైదానంలో ఉన్న మడుగు. భయం దాహాన్ని ఆపుతుందా? పిల్లాజెల్లా అందరూ అక్కడికే వెళ్ళేవారు. చిరుతకు కావలసింది కూడా అదే. అందుకని కావలి మీదే అందరి ప్రాణాలు ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం తుంగమ్మ బుడమను తీసుకుని మడుగుకు వెళ్ళింది. కోరయ్య వెనక వస్తున్నాడు. బండ మీద గరిక వంతు. మైదానంలో గడ్డి పక్కన గోధుమరంగుది ఏదో ఆమెకు కనిపించింది. పుట్టా? చిరుతా? కేక గొంతు దాకా వచ్చింది. కాదని తేలితే నాన్న ముఖం ఎలా ఉంటుందో తలుచుకుంది. ఇంకొంచెం చూద్దాం అనుకుంది. ఆ ఇంకొంచెంలోనే పుట్ట కదిలింది.

గరిక కేక, తల్లి కేక ఒకేసారి వినిపించాయి. కోరయ్య కోరలు సాచి గాలిలా దూకాడు. చిరుత ఆయన భుజం చీల్చి, బుడమను నోట కరుచుకుని గడ్డిలోకి పోయింది. కోరయ్య నెత్తురు కారుతూ దాని వెంట పడ్డాడు. కాళ్ళు లేవని దాకా పరుగెత్తాడు. బిడ్డ దొరకలేదు.

తుంగమ్మ ఏడవలేదు. మడుగు గట్టున బురదలో పడ్డ చిన్న డెక్కల గుర్తుల దగ్గర పడుకుని, ఎవరు పిలిచినా లేవలేదు.

కోరయ్యకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. కుంటుతూ బండ ఎక్కాడు. “కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? నీ తమ్ముడే,” అని అరిచాడు.

గరిక మడుగు వైపే చూస్తూ నిలబడి ఉంది. “కనిపించింది నాన్నా. పుట్ట అనుకున్నాను. ఖాయంగా తెలియలేదు,” అంది.

ఆ మాట ఎవరు నేర్పారో కోరయ్యకు తెలుసు. బండ మీద కూలబడి, ఎండ దిగే దాకా అలాగే ఉండిపోయాడు. ఆ తరువాత లేచి నల్లవ్వ దగ్గరకు వెళ్ళాడు.

“అవ్వా, నా కొడుకును నేనే చంపుకున్నాను.”

నల్లవ్వ ఆయన భుజం మీది గాయానికి ఆకు పసరు పిండింది. “నీకు ఇంకా ఒక బిడ్డ ఉంది,” అంది.

“దానికి ఏ పని చెప్పమంటావు?”

“మళ్ళీ నువ్వే చెబుతావా? దాన్ని అడుగు.”

కోరయ్య ఇంటికి వచ్చాడు. గరిక ఒక మూల ముడుచుకుని ఉంది. ఆమె ఎదుట కూర్చుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కూతురిని అడిగాడు. “నీకు ఏం చేయాలని ఉంది తల్లీ?”

“మడుగుకు ఎవరూ వెళ్ళనక్కరలేకుండా చేయాలని ఉంది,” అంది గరిక.

మర్నాడు చూపు చురుకైన ఒక దుప్పి పడుచు గరిక బదులు బండ ఎక్కింది. గరిక వాగులోకి దిగింది. అడవంతా గట్టు మీద చేరింది. తమ్ముణ్ణి కాయలేనిది అడవికి నీళ్ళిస్తుందా అని ఎవరో గొణిగారు. అది గరికకు వినిపించింది, కోరయ్యకూ వినిపించింది. ఆయన తల వంచుకున్నాడు.

గరిక ముట్టె ఇసుకకు ఆనించి నడిచింది. ఒకచోట ఆగింది, తవ్వింది, వదిలేసింది. ఇంకొంత దూరం పోయి వంపు దగ్గర, నేరేడు వేళ్ళు పైకి తేలిన చోట నిలబడింది. అక్కడ కళ్ళు మూసుకుని గాలి పీల్చింది. ఇక తవ్వడం మొదలుపెట్టింది. ఇసుక పోయి గులకరాళ్ళు వచ్చాయి. ముట్టె చీరుకుని నెత్తురు వచ్చింది. అయినా తల ఎత్తలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. మేతకు రమ్మని నల్లవ్వ పిలిచినా ఆమెకు వినిపించలేదు.

పొద్దు వాలే వేళకు గుంట అడుగున ఇసుక నల్లబడింది. తరువాత మెరిసింది. తరువాత నీళ్ళు ఊరాయి.

కాలు విరిగిన కుందేలుకు ముందు దారి ఇచ్చారు. ఆపైన పిల్లతల్లులు, ముసలివాళ్ళు, దుప్పులు, కొండముచ్చులు వంతుగా దిగి తాగారు. తాగినవాళ్ళు గరిక పక్క నుంచి వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరే ఆగి, తల వంచి పోయారు. ఆ నీళ్ళలో కాలు పెట్టినవాడు ఒక్కడూ లేడు. తుంగమ్మను కూడా నల్లవ్వ నడిపించుకుని వచ్చింది. ఆమె కొంచెం తాగి, కూతురి ముట్టె మీది నెత్తురు నాకింది.

అందరూ అయ్యాక కోరయ్య మిగిలాడు. గుంట దాకా వచ్చి నిలబడ్డాడు. నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయో చూశాడు. ఇవి నిన్నా ఇక్కడే ఉన్నాయి. మొన్నా ఉన్నాయి. ఇల్లు దాటి పది అంగల్లో ఇవి ఉండగానే తన బిడ్డ ఆ మైదానానికి నడిచాడు. కోరయ్య మూతి నీటికి ఆనించాడు గాని, గొంతులోకి ఒక్క గుక్క దిగలేదు.

“తాగలేనమ్మా,” అన్నాడు.

గరిక చెలమ చుట్టూ తిరిగి వచ్చి తండ్రి పక్కన నిలబడింది. “తాగు నాన్నా. నువ్వు తాగకపోతే రేపు నేను తవ్వలేను,” అంది.

కోరయ్య తాగాడు. ఏడుస్తూనే తాగాడు.

ఆ తరువాత మద్దికోనలో ఎంత ఎండ కాసినా ఎవరూ దాహంతో మడుగుకు పోలేదు. ఏటా కొందరు పిల్లలు తమంతట తామే గరిక వెంట తిరగడానికి వచ్చేవారు.

నీతి: పిల్లల ఇష్టాన్ని, శక్తిని తెలుసుకుని దారి చూపాలి, పెద్దల పరువు కోసం వాళ్ళ మీద పని రుద్దితే, ఆ నష్టం ఇంటితో ఆగదు.