బాసికాల స్వామికి అద్దం పట్టే ఊరు

గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న బాసికాలపాడులో వెలసిన స్వామి మూర్తి ఎంత ఉంటుందనుకున్నారు? రూపాయి బిళ్లంత! అచ్చమైన బంగారు కాసు! ఒకవైపు నుదుట బాసికం కట్టుకున్న పెళ్లికొడుకు, రెండోవైపు చేత రెమ్మ పట్టుకుని కూర్చున్న పెళ్లికూతురు. పెళ్లికొడుకు మెడ మీద ఉలి గాటు ఉంటుంది. భక్తులారా, ఆ గాటును తప్పక చూడండి. ఈ క్షేత్ర మహిమ అంతా అక్కడే ఉంది.

పూర్వం ఇక్కడ గురవయ్య, నాంచారమ్మ అనే గొర్రెల కాపరి దంపతులు ఉండేవారు. ఒక ఏడు వరదకు మంద కొట్టుకుపోయింది. తప్పు నీదంటే నీదని మాటామాటా పెరిగి, చివరకు మాటలే ఆగిపోయాయి. ఒకే గుడిసెలో ఎడమొగం పెడమొగంగా బతికి, ఇక విడిపోతామని పెద్దల ముందు నిలబడ్డారు. ఉన్నదంతా చెరిసగం పంచగా ఒక్క బంగారు కాసు మిగిలింది. వరద తీశాక మిగిలిన గొర్రెపిల్ల ఒండ్రును గీరితే బయటపడ్డ కాసు అది. దాన్నీ రెండు ముక్కలు చేయమన్నారు పెద్దలు.

కంసాలి రుద్రాచారి ఉలి ఆనించి ఒక్క దెబ్బ వేశాడు. రెండో దెబ్బకు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఆగిపోయింది.

“అయ్యో, బాసికం కట్టుకున్న పెళ్లికొడుకయ్యా! పీక మీదే పడింది!”

నాంచారమ్మ పరుగున వచ్చి కాసు లాక్కుని తిప్పి చూసింది. “పెళ్లికూతురు ఈడుందిగా! పాపం, ఈపులు ఆనించుకుని కూకున్నారు. ఒకళ్ల మొకం ఒకళ్లు చూసుకుని ఎన్నేళ్లయిందో!” అని బావురుమంది.

అప్పుడు గురవయ్య ఎన్నాళ్లకో నోరు విప్పాడు. “అద్దం పట్టవే, చూసుకుంటారు.”

అతడు కాసు పట్టుకున్నాడు, ఆమె పంపకాల సామానులోంచి అద్దం తీసి దాని వెనక పట్టింది. ఇవతల పెళ్లికొడుకు, అద్దంలో పెళ్లికూతురు! తానూ చూడాలని నాంచారమ్మ అతని పక్కకు ఒరిగింది. అద్దంలో వాళ్లిద్దరి మొహాలూ కనిపించాయి. ఇంకేం పంపకాలు! కాసు దొరికిన చోటే గుడి లేచింది.

అది రోము చక్రవర్తి బొమ్మ అనీ, తలకున్నది విజయానికి గుర్తైన ఆకుల దండ అనీ, ఓడ వర్తకులతో ఇటు వచ్చిందనీ చదువుకున్నవారు చెబుతారు. చెప్పనివ్వండి! అక్కడ ఎంతటి చక్రవర్తి అయితేనేం, మా ఊరొచ్చి పెళ్లికొడుకయ్యాడు.

నేటికీ మాటలు లేని దంపతులు శుక్రవారం నాడు ఇక్కడికి వస్తారు. భర్త కాసు పట్టాలి, భార్య అద్దం పట్టాలి. దర్శనమయ్యాక మాట కలుపుకొని, కలిసి ప్రసాదం తిని వెళతారు. ఒంటరిగా వచ్చినవారికి మాత్రం పూజారి తలుపు తీయడు.

“అద్దం ఎవరు పడతారు నాయనా? వెళ్లి పిలుచుకురా” అంటాడు.