సూటినీడ కొండమీద కప్పిన గీతలు

పూర్వం పెన్నానదికి ఉత్తరాన, ఎర్రమట్టి దిబ్బలూ తుమ్మచెట్లూ తప్ప మరేమీ కనిపించని ఒక చిన్న సీమను సూరపరాజు అనే సామంతుడు పాలించేవాడు. ఆయన శూరుడు, దాత, దైవభక్తిపరుడు. కాకపోతే కోపం ముక్కుమీదే ఉండేది, నోరు జారిన మాటను వెనక్కి తీసుకోవడమంటే ప్రాణం పోయినట్టు ఉండేది. ఈ రెండు గుణాలూ లేకపోతే ఈ సూటినీడ క్షేత్రమే లేదని మా పెద్దలు అంటారు. గుడి బయట నిలబడి యాత్రికులకు కథలు చెప్పేవాళ్లు కొందరున్నారు. బండమీది గీతలు రాహువు గోళ్ల గాట్లని చెప్పి పంపిస్తుంటారు. అవన్నీ కోతలు. ఆ గీతలు మా ఇంటివాళ్లు గీసినవి, వాటి వెనక ఉన్నది మా ఇంటి తప్పు, కనుక ఉన్నదున్నట్టు నేనే చెబుతాను, కాస్త నీడలోకి వచ్చి కూర్చోండి.

అప్పట్లో ఈ ఊరిపేరు ఎర్రబండ. కొండమీద ఈ విశాలమైన బండ నడుమ పన్నెండు మూరల నల్లరాతి స్తంభం అప్పటికే ఉండేది. దాన్ని శంకువు అంటారు. దాని నీడను కొలిచి కాలాన్ని నిర్ణయించడం మా వంశీయుల వృత్తి. సామాన్యజనం ఆకాశాన్ని కొండల అంచులమీద బోర్లించిన మూకుడుగా భావించి, గ్రహణమొస్తే పాము మింగిందని పళ్లేలు మోగించే కాలమది. మావాళ్లు మాత్రం భూమి గుండ్రటి గోళమనీ, ఏ ఆధారమూ లేకుండా శూన్యంలో నిలిచి ఉందనీ, గ్రహణాలు కేవలం నీడల సంచారమనీ సిద్ధాంతగ్రంథాలు చదివి ఎరిగినవారు. ఎరిగినందుకు సంతోషించి ఊరుకున్నారా అంటే, లేదు, ఇక ఎరగవలసినది ఏమీ మిగల్లేదని కూడా అనుకున్నారు.

ఆ వంశంలో సూరపరాజు నాటివాడు మాచన సిద్ధాంతి. మేషసంక్రమణాన్నే విషువత్తుగా, అంటే రాత్రింబవళ్లు సరిసమానంగా ఉండే పుణ్యదినంగా, గ్రంథం చెప్పింది. అరవై ఏళ్లకొకసారి ప్రభవనామ సంవత్సరం వచ్చినప్పుడు, గ్రంథం చెప్పిన ఆ రోజున మిట్టమధ్యాహ్నం ఇంటికి పెద్ద అయినవాడు స్తంభం నీడ కొనను చూసి బండమీద ఉలితో ఒక గీత గీయాలి. ఇది మా ఇంటి ఆచారం. గ్రంథం ఒక్కటే, సూర్యుడు ఒక్కడే కనుక ఎప్పుడు గీసినా గీతమీదే గీత పడాలి. మాచన కాలానికి బండమీద కనిపించేది నిజంగానే ఒక్క గీత, ఆయన తండ్రి గీసింది.

ఒకనాడు సూరపరాజు పొరుగు రాజ్యంలో దేవతోత్సవానికి వెళ్లి, అక్కడ ఉదయసూర్యకిరణం మూలవిరాట్టును తాకడం చూసి తిరిగొచ్చాడు. వచ్చింది మొదలు ఆయనకు తిండి సయించలేదు. కేతోజు అనే స్థపతిని పిలిపించి, శంకువు పక్కనే మార్తాండస్వామికి తూర్పుముఖంగా ఆలయం కట్టమన్నాడు. "విషువత్పుణ్యకాలాన తొలికిరణం నా స్వామి పాదాలను తాకాలి. తాకిందా, నీకూ నీ సంతతికీ భూమి ఇస్తాను. తప్పిందా, ఉలి పట్టే నీ బొటనవేలు ఇదే గుమ్మం ముందు తీయిస్తాను," అని కొలువంతా వింటుండగా అనేశాడు. కేతోజు మితభాషి. నమస్కరించి, తాడూ మేకులూ తీసుకుని బండమీదికి వెళ్లాడు.

నాలుగేళ్లు పని జరిగింది. కేతోజు ఏ గ్రంథమూ విప్పలేదు. ఉదయం శంకువు నీడ కొన ఎక్కడుందో గుర్తు పెట్టి, సాయంత్రం ఎక్కడుందో గుర్తు పెట్టి, తాడు లాగి దిక్కులు సాధించి, ఏడాది పొడుగునా చూసి చూసి ద్వారాలు నిలబెట్టాడు. తీరా మేషసంక్రమణం వచ్చింది. మంగళవాద్యాలు మోగుతుండగా, అతిథులుగా వచ్చిన రాజుల ఎదుట తెర తొలగించారు. సూర్యుడు ఉదయించాడు. కిరణం మహామండపం దాటింది, గర్భగృహంలోకి వెళ్లింది, వెళ్లి పాదాలకు మూరెడు దూరంలో, స్వామి కుడిపక్క గోడమీద పడింది. వాద్యాలు వాటంతటవే ఆగిపోయాయి.

"దేవరా, కిరణం తప్పలేదు," అన్నాడు కేతోజు. "ఎనిమిది రోజుల కిందట వచ్చింది. పీఠం నునుపు పెడుతూ నేను కళ్లారా చూశాను. పాదాలమీదే పడింది."

రాజు మాచనవైపు చూశాడు. మాచనకు ఆ మాట వినగానే ఒళ్లు మండింది. "తొమ్మిది ప్రభవల నుంచి మా వంశం గణిస్తున్న విషువత్తును ఉలి పట్టుకునేవాడు దిద్దుతాడా? పుణ్యకాలం ఈ రోజే, ప్రభూ. గుడే వంకర," అన్నాడు. కేతోజు ఆయనకేసి తిరిగి చేతులు జోడించి, "అయ్యవారూ, తమరు చదివినవారు. ఆ రోజు నీడ కొన పొద్దుట నుంచి పొద్దుగూకేదాకా సూటిగా నడిచింది. తాడు పట్టి చూశాను. ఈ రోజు చూడండి, వంగి నడుస్తుంది," అని మాత్రం అన్నాడు. మూడోనాటి ఉదయం వేలు తీయించాలని ఆజ్ఞ అయింది.

మాచన ఇంటికి వచ్చాడేగాని అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేకపోయాడు. విషువద్దినాన శంకుచ్ఛాయ సరళరేఖలో చరిస్తుందని, మిగిలిన రోజుల్లో వక్రంగా పోతుందని ఆయన గ్రంథమే చెబుతోంది. అక్షరం రాని స్థపతి ఆ మాట ఊహించి చెప్పలేడు. పైగా ఆయన గుండెలో ఇంకో ముల్లు ఉంది. తండ్రి చనిపోయేముందు దగ్గరకు పిలిచి, "పెద్దాయన గీసిన గీతమీద నా గీత పడలేదురా. పాపం, వయసు మళ్లి చూపు ఆనక గీసి ఉంటారు. ఆయన పేరు పోకూడదని పాతదాన్ని గచ్చుతో కప్పేశాను. నువ్వూ ఎవరితోనూ అనకు," అని మాట తీసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా మాచన ఆ మాట నిలబెట్టుకుంటూ వచ్చాడు.

ఆయన ముఖం చూసి తల్లి సోమక్క అడిగింది. ఆయన చెప్పాడు. ఆవిడ "ఆ గచ్చుకు సున్నం నూరి ఇచ్చింది నేనేగా నాయనా," అంది. "మా అత్తగారి అత్తగారూ తన కాలంలో ఇలాగే నూరిందట. మా అత్తగారు చెప్పేది."

"ఆవిడ ఎందుకు నూరింది?"

"ఎందుకేమిటి, వాళ్లాయన అంతకుముందు పెద్దాయన గీతను కప్పుతుంటే! ఈ ఇంట్లో మగవాళ్లు గీతలు గీస్తారు, ఆడవాళ్లు సున్నం నూరుతారు. మీలో మీకు తెలియదేమోగాని మాకందరికీ తెలుసు."

మాచన విస్తరి ముందు నుంచి లేచి, ఉలి, సుత్తి పుచ్చుకుని, మండుటెండలో కొండెక్కి, తండ్రి గీతకు ఉత్తరపక్కన ఉన్న గచ్చు పెచ్చులు ఊడగొట్టసాగాడు. రెండు వేళ్ల ఎడంలో ఒక గీత బయటపడింది. దాని అవతల ఇంకో రెండు వేళ్ల ఎడంలో ఇంకో గీత. మూడు, నాలుగు, ఐదు. వేళ్ల నుంచి రక్తం కారుతున్నా ఆయన ఆపలేదు. తండ్రి గీతతో కలిపి తొమ్మిది గీతలు తేలాయి. ఒకచోట ఎడం పిసరంత ఎక్కువ, ఒకచోట పిసరంత తక్కువ, అంతే. అన్నీ వరసకట్టి స్తంభం వైపే నడిచి వస్తున్నాయి.

చేతులు తప్పితే ఒకటి ఇటు, ఒకటి అటు పోవాలి. తొమ్మిదిమంది చేతులు ఒకే దిక్కుకు, ఒకే కొలతతో తప్పుతాయా? ఆ ఋతువులో సూర్యుడు ఒక్క రోజులో ఈ నీడను జరిపేది సరిగ్గా ఆ రెండు వేళ్ల మేరే. అంటే అరవై ఏళ్లకు ఒక్క రోజు. మొదటివాడు గీసిననాడు గ్రంథమూ ఆకాశమూ కలిసే ఉన్నాయి. ఆ తరువాత ఆకాశం అరవై ఏళ్లకు ఒక్క రోజు చొప్పున, ఏ ఒక్క మనిషి జీవితకాలంలోనూ పసిగట్టలేనంత మెల్లగా, గ్రంథాన్ని వదిలేసి తనదారిన తాను జరిగిపోతోంది. నిశ్చలమని తాను ఇన్నాళ్లూ నమ్ముకున్న నక్షత్రమండలమంతా కదులుతోంది! "ఔరా! ఔరా!" అంటూ మాచన ఆ కాలుతున్న బండమీదే చతికిలబడ్డాడు. భయంతోనో ఆనందంతోనో తెలియదు, ఏడ్చాడు. అంత పెద్ద సంగతిని బండమీద రాసి చూపిస్తూ ఉంటే, తన ఇంటివాళ్లు భక్తితో, ప్రేమతో, ప్రతి ప్రభవలోనూ సున్నం పెట్టి కప్పారు. నిజం చెబుతున్నాను, ఇది తలచుకున్నప్పుడల్లా నాకూ కళ్లు చెమరుస్తాయి.

మూడోనాటి ఉదయం గుమ్మం ముందు రాతిమీద కేతోజు చెయ్యి పెట్టేసరికి మాచన అడ్డం వచ్చి నిలబడ్డాడు. రాజును, అతిథులను, ఊరివారిని బండమీదికి తీసుకెళ్లి తొమ్మిది గీతలూ చూపించాడు. "గుడి వంకర అన్నది నేను. వంకర నా పంచాంగానిది. మా పెద్దలు దాచారు, నేనూ దాచాను. మొదటి ప్రభవ తరువాత ఈ సీమలో మేము చెప్పిన విషువత్పుణ్యకాలాలన్నీ తప్పినవే," అన్నాడు. జనంలో పెద్ద గోల లేచింది. తాత తద్దినాల నుంచి పెళ్లి ముహూర్తాల దాకా తలచుకుని కొందరు ఆయన్ను తిట్టిపోశారు.

సూరపరాజు పళ్లు కొరికి, "మరి నేనన్న మాట ఏం కావాలి, సిద్ధాంతిగారూ?" అన్నాడు.

"ఆరు నెలలు ఆగండి ప్రభూ. రాత్రింబవళ్లు మళ్లీ సమానమయ్యే తులావిషువత్తు వస్తుంది. నా పంచాంగం చెప్పిన రోజుకు ఎనిమిది రోజుల ముందు ఇక్కడ నిలబడదాం. కిరణం పాదాలమీద పడకపోతే స్థపతి వేలితోపాటు గంటం పట్టే నా వేలూ తీయించండి," అన్నాడు మాచన.

ఆ ఆరు నెలలూ మాచన గడప తొక్కినవారు లేరు. చివరికి ఆ రోజు రానే వచ్చింది, ముసురు పట్టిన రోజు. తెల్లవారుతున్నా తూర్పున మబ్బు తప్ప మరేమీ లేదు. కత్తి పట్టినవాడు సిద్ధంగా ఉన్నాడు. కేతోజు తన కుడి బొటనవేలిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని నిలబడితే, మాచన పక్కనే నిలబడి, "నీ పని నాకంటే నిజం, ఓజయ్యా. మబ్బుకు ఆ సంగతి తెలియకపోతే ఏం చేస్తాం?" అన్నాడు. అప్పుడు కొండ అంచున మబ్బు జానెడు విడింది. కిరణం మండపమంతా దాటుకుంటూ వెళ్లి, గడప ఎక్కి, స్వామి రెండు పాదాలమీదా సరిగ్గా నిలిచింది. రెప్పపాటు కన్నా కాస్త ఎక్కువసేపు ఉండి, మళ్లీ మబ్బు మూసుకుంది. ఊరంతా ఒక్కసారిగా సాష్టాంగపడింది. అందరికన్నా ముందు పడింది సూరపరాజు. పొద్దెక్కాక వాన తెరిపి ఇస్తే, పొద్దుగూకేదాకా నీడ వెంట తాడు పట్టి నడిచారు. నీడ ఎక్కడా తాడును వదల్లేదు. ఊరికి సూటినీడ అనే పేరు ఆనాడే వచ్చింది.

కేతోజు సంతతివారు ఇప్పటికీ ఆ భూమి దున్నుకుంటున్నారు. పంచాంగంలో ఏమున్నా సరే, ఇక్కడ స్వామికి ఉత్సవం నీడ సూటిగా నడిచిన రోజునే చేస్తాం. ఏటా వసంతంలో మీరొచ్చి చూడవచ్చు. ఆకాశం కాదు, భూమే బొంగరంలా మెల్లగా తల తిప్పుతోందని ఈమధ్య దుర్భిణీ తెచ్చుకున్న ఒక మేష్టారు నాకు గంటసేపు చెప్పారు. మాచన తెలిసిందనుకున్నదానిలోనూ ఇంత మిగిలి ఉందన్నమాట! ఆ మేష్టారి తరువాత ఎవరొచ్చి ఇంకేం చెబుతారో.

గీయడం మాత్రం మేము మానలేదు. గ్రంథం చెప్పిన రోజునే గీస్తాం, ఆకాశం ఎంత జరిగిందో తెలియడానికి. ఇప్పటికి ఇరవై ఆరు గీతలయ్యాయి. మరో పదిహేను ప్రభవలు గడిస్తే, తొమ్మిది వందల ఏళ్లకు, ఆ మధ్యాహ్నం నీడ స్తంభం మొదట్లో కలిసిపోయి అసలు కనిపించదు. గీసినవాడు ఉలి కింద పెట్టకముందే ఊరందరూ వినేలా ఒక మాట అనాలని మాచన నియమం పెట్టాడు: "నా గీత కూడా తప్పుతుంది. కప్పకండి." మొన్నటి ప్రభవలో మా నాన్నగారు గీశారు. ఆయన ఆ మాట అనేటప్పుడు నేను పక్కనే ఉన్నాను.

ఆయన పోయి పదకొండేళ్లయింది. పోయిన కొత్తలో ఒకరోజు గుడి గోడకు వెల్లవేస్తూ చూద్దును గదా, ఆయన గీత చివర చిన్నగా వంకర పోయింది. యాత్రికులెవరో దాన్ని చూపించి నవ్వుకుంటున్నారు. నా చేతిలో సున్నపు కుంచె ఉంది. వంగి, ఇంకొక్క క్షణమైతే పూసేసేవాడిని. కుంచె అవతల పారేసి అక్కడే కూర్చున్నాను.