గుమ్మడికాయకు తీగ కట్లు

ఒకప్పుడు గుమ్మడికాయ కోడిగుడ్డులా నున్నగా ఉండేది. ఒంటి మీద ఒక్క నొక్కు కూడా లేదు. లోపల కందగడ్డలా గట్టిగా, నిండుగా ఉండేది. ఆ సంగతి దానికీ తెలుసు. అందుకే కాస్త పొగరు కూడా ఉండేది.

ఆ రోజుల్లో వాన తనంతట తాను వెళ్లేది కాదు. ఆశ్వయుజంలో కొండమీది ఊరివాళ్లు గుమ్మడి కల్లు పోసి సాగనంపాలి. కల్లు నచ్చితే కొండ దాటి సముద్రానికి పోయేది. నచ్చకపోతే అలిగి ఊరి మీదే కూర్చునేది.

ఏటా ఒక ఇంటి వంతు. కిందటేడు ఊరిపెద్ద కామునాయుడి వంతు వచ్చింది. ఆయన రుచి చూస్తానని సగం తాగేసి, ఆ సగం నీళ్లతో నింపాడు. ఇంకెవరైనా మోసపోదురేమో గాని, వానకు నీళ్ల రుచి తెలియదా? నెల్లాళ్లు కదల్లేదు. చోళ్ల కంకులు, అదే రాగి కంకులు, చేలోనే మొలకలెత్తాయి. ఊరంతా మామిడిటెంకల అంబలి తాగి బతికారు. తప్పంతా వానదేనని నాయుడు ఇంటింటికీ తిరిగి చెప్పాడు.

ఈ ఏడు సుక్కులమ్మ వంతు. ఆమెకు ఉన్నది ఇద్దరు పిల్లలు, ఒక మడి చోళ్లు. కంకులు పండి వంగిపోయాయి. వాన ఇంకా పైనే తిరుగుతోంది. సుక్కులమ్మకు ముద్ద దిగడం లేదు.

మంచి కల్లు ఎక్కడైనా దొరుకుతుందేమోనని ముందు ఎలుగుబంటి దగ్గరికి వెళ్లింది.

"ఎలుగు బావా, గుమ్మడి కల్లుందా?"

"ఉంది మరదలా. తేనె కూడా పోశాను."

ఒక గుక్క తాగితే పెదాలు అంటుకుపోయాయి. ఎలుగుబంటి దేంట్లోనైనా తేనె పోస్తాడు. గోంగూరలో కూడా పోస్తాడట. వాళ్లావిడే చెప్పింది.

తర్వాత కోతి దగ్గరికి వెళ్లింది. అతనిచ్చిన కల్లు నోట్లో పోసుకోగానే పళ్లు జివ్వుమన్నాయి.

"ఇంత పులిసిపోయిందేటి మావా?"

"ఏమో. గంటకోసారి మూత తీసి సూస్తూనే ఉన్నాను."

మూత తీస్తే కల్లు చెడుతుందని కోతికి ఎవరూ చెప్పలేదని కాదు. ఊరంతా చెప్పింది.

ఇక తనే చెయ్యాలి. సుక్కులమ్మ పెరట్లో ఉన్న పెద్ద గుమ్మడికాయ దగ్గర కూర్చుంది.

"గుమ్మడీ, నీ కడుపు కాస్త అరువియ్యాలి."

"ఎన్నాళ్లు?"

"వాన వచ్చేదాకా. మూడు రోజులు."

తొడిమ పక్కన చిల్లు పెట్టి, బెల్లం నీళ్లు పోసి, పులియబెట్టే వేరు వేసి, బంకమట్టితో మూసింది.

మొదటి రోజు లోపల గుడగుడమంది. రెండో రోజు కండ కరగసాగింది. మూడో రోజుకు కాయ ఉబ్బింది. వాన మాత్రం రాలేదు. కింది ఊళ్లో ఎవరిదో పెళ్లి పందిరి కనబడితే తడపడానికి ఆగిందట. వానకు ఎప్పుడూ అదే సరదా.

నాలుగో రోజు గుమ్మడి సన్నగా మూలిగింది.

"సుక్కులమ్మా, నాను పగిలిపోతాను."

"ఏటీ కాదు," అంది సుక్కులమ్మ. మూత తీస్తే కోతి కల్లే. తీయకపోతే నేలపాలు. ఎలా అయినా మళ్లీ టెంకల అంబలే.

అప్పుడు గుమ్మడి తీగ కళ్ల పడింది. దాన్ని కోసి, తొడిమ దగ్గర ముడేసి, కాయ కిందుగా తిప్పి, మళ్లీ తొడిమ దగ్గరికే లాగి బిగించింది. ఒక కట్టు చాలలేదు. పది కట్టింది. తర్వాత కాయను కావలించుకుని, దానికి చెవి ఆనించి కూర్చుంది.

కామునాయుడు అటుగా వచ్చాడు. "పగిలేలా ఉందే. కాస్త రుచి సూడమంటావా?"

సుక్కులమ్మ కాయను ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

ఐదో రోజు వాన వచ్చి పెరటి గోడ మీద కూర్చుంది. సుక్కులమ్మ మట్టి తీసి దొప్పలో కల్లు పోసింది. వాన తాగింది. దొప్ప మళ్లీ చాచింది. రెండో దొప్ప తాగింది. పెదాలు తుడుచుకుంది.

"నీళ్లు కలిపావా సెల్లీ?"

"నేదు వానప్పా."

"మధ్యలో మూత తీసి సూశావా?"

"సూడాలని పేణం కొట్టుకుంది. సూడనేదు."

వాన దొప్ప పక్కన పడేసి, కాయనే ఎత్తి పట్టుకుంది. ఆఖరి చుక్క దాకా తాగింది. తొక్కకు అంటిన కండ, పీచూ, దానికి అంటుకున్న గింజలూ తప్ప ఇంకేమీ మిగల్లేదు.

"ఈ ఏటికి సాలు," అని లేచి, మబ్బులు మూటగట్టుకుని కొండ దాటింది. చోళ్ల మీద ఎండ పడింది. ఐదు రోజుల తర్వాత సుక్కులమ్మ ఆ పూట కడుపు నిండా తిన్నది.

తిన్నాక వచ్చి కట్లు విప్పింది. కట్లు ఊడి వచ్చాయి గాని నొక్కులు పోలేదు.

"నా నున్నటి ఒళ్లేదీ?" అంది గుమ్మడి.

"పంట నిలిచింది కదే."

"నీకు నిలిచింది," అంది గుమ్మడి, ముఖం తిప్పుకుని.

అప్పటినుంచే గుమ్మడికాయ ఒంటి నిండా నొక్కులు. కావాలంటే చూడండి, అన్నీ తొడిమ దగ్గరే కలుస్తాయి. కండ లోపల పీచూ గింజలే, మధ్యంతా గుల్ల. సంతలో గుమ్మడికాయ కొనేవాళ్లు వేలితో తట్టి, గుడగుడమంటోందేమోనని చెవి ఆనించి మరీ వింటారు. ఎందుకని అడిగితే, పండిందో లేదో చూస్తున్నామంటారు. కామునాయుడి మనవలు కూడా అలాగే అంటారు.