మూడిళ్ల నిప్పు

అనగనగా, అగ్గిపెట్టె ఇంకా పుట్టని కాలంలో, ఏటి ఒడ్డున గవ్వలపట్నం అని ఒక ఊరు ఉండేది.

ఆ ఊళ్ళో పొయ్యి ఆరిపోతే ఎవరూ కంగారు పడేవారు కారు. ఆడవాళ్ళు కుండపెంకు పట్టుకుని పక్కింటికి వెళ్ళేవారు. "వదినా, కాస్త నిప్పుంటే పెట్టు" అనేవారు. వదిన రెండు నిప్పులు వేసేది, నాలుగు కబుర్లు కూడా వేసేది. నిప్పు ఇల్లు చేరేసరికి సగం ఆరేది. కబుర్లు మాత్రం ఆరేవి కావు.

ఆ ఊరికి ఒక కట్టుబాటు ఉంది. కొత్తగా కాపురం పెట్టే మనిషి మూడిళ్ల నుంచి నిప్పు తెచ్చుకుని పొయ్యి వెలిగించాలి. మూడు నిప్పులూ ఒకే పొయ్యిలో కలిస్తే ఆ మనిషి ఊరి మనిషి. పున్నమి లోపల కలవకపోతే తలారి వచ్చి పొలిమేర దాటించేస్తాడు.

ఒకనాడు చెరసాల తలుపు తెరుచుకుంది. నూకాలు బయటికి వచ్చింది.

చెరసాల నుంచి మగవాడు వస్తే తల్లి ఎదురెళ్ళి దిష్టి తీసేది. పెళ్ళాం తలంటి పోసేది. "పాపం, ఎంత చిక్కిపోయాడో" అని ఊరంతా వాపోయేది. ఆడది వస్తే మాత్రం వీధి తలుపులు టపటపా మూసుకునేవి. చెరసాల ఒకటే. గుమ్మాలే వేరు.

నూకాలు చేసిన తప్పేమిటి? ఆమె సోమిశెట్టి అనే వర్తకుడి ఇంట్లో పిండి రుబ్బేది. ఒకరోజు అతను ఆమె చెయ్యి పట్టుకుని లాగాడు. ఆమె కోపం పట్టలేక అతని గడ్డివాముకి నిప్పంటించింది. గాలి వీచింది. వాముతో పాటు పక్కనున్న సన్యాసమ్మ గానుగపాక కూడా అంటుకుంది. గానుగ తిప్పే ఎద్దు వీపు కాలింది. రాజుగారు చెయ్యి లాగినవాడికి నీతి చెప్పి పంపారు. నిప్పు పెట్టినదానికి చెరసాల వేశారు.

ఇప్పుడు నూకాలికి ఒక్కటే కోరిక. తనదంటూ ఒక పొయ్యి కావాలి. దాని మీద దిబ్బరొట్టెలు కాల్చి అమ్ముకోవాలి. కింద నిప్పు, మూత మీద నిప్పు, మధ్యలో మినప్పిండి. ఆమె చేతి రొట్టె పైన ఎర్రగా, లోపల దూదిలా ఉండేది. కాని నిప్పు పెట్టినదానికి నిప్పెవరు పెడతారు?

ఊరి చివర దాలమ్మ అవ్వ పాక ఉంది. అవ్వ, ఆమెతో ఉండే ఆడవాళ్ళు చెరసాల నుంచి వచ్చినవాళ్ళకి చోటిచ్చేవారు. అన్నం పెట్టేవారు. పని వెతికేవారు, తోడు నడిచేవారు. బదులేమీ అడిగేవారు కారు. "ఏం చేసి వెళ్ళావు?" అని కూడా అడిగేవారు కారు. "ఇప్పుడేం చేస్తావు?" అని మాత్రం అడిగేవారు.

నూకాలు పొద్దున్నే ఆ పాక ముందుకి వచ్చి నిలబడింది. ఎండెక్కింది. నీడ కాళ్ళ కిందికి వచ్చింది. ఆమె కదల్లేదు, పిలవలేదు.

దాలమ్మ అవ్వ కిటికీలోంచి తొంగి చూసింది.

"ఏమే అమ్మీ, మా తలుపుకి కాపలా కాస్తున్నావా?"

"మీరు తీస్తారని చూస్తున్నానవ్వా."

"అది వేసి ఉంటే కదే తియ్యడానికి! తోసి చూడు."

తోసింది. తెరుచుకుంది. నూకాలు బిత్తరపోయింది. చెరసాలలో తలుపు ఎప్పుడూ అవతలివాళ్ళే తీసేవారు. తోస్తే తలుపు తెరుచుకుంటుందన్న సంగతే ఆమె చేతులు మరిచిపోయాయి.

అవ్వ పడీపడీ నవ్వింది. "నేనూ ఇలాగే నిలబడ్డానే. వానలో తడిసి ముద్దయ్యాక పిల్లి ఒకటి వచ్చి తలుపు తోసుకుని లోపలికి పోయింది. దాన్ని చూసి నేర్చుకున్నాను."

పాకలోని ఆడవాళ్ళు ఆమెకి ఏటి ఒడ్డున ఒక చిన్న గుడిసె బాగుచేసి ఇచ్చారు. తమ పొయ్యిలోంచి నిప్పు తీసి, ఆరకుండా ఊకలో కప్పి ఇచ్చారు. అది మొదటింటి నిప్పు.

రెండో నిప్పు కోసం నూకాలు సోమిశెట్టి ఇంటికే బయలుదేరింది. తన తప్పు అక్కడే మొదలైంది కాబట్టి అక్కడికే వెళ్ళాలనుకుంది. కాని గుమ్మం ముందు మళ్ళీ మాటా పలుకూ లేకుండా నిలబడిపోయింది. పనివాళ్ళు చూశారు. "అమ్మో! నిప్పు పెట్టడానికి వచ్చింది!" అని గోల పెట్టారు. బిందెలతో నీళ్ళు గుమ్మరించి తరిమారు.

తడిసి వచ్చిన నూకాలిని చూసి పాకలోని ఆడవాళ్ళు నడుం బిగించారు. అవ్వ తలుపు వెనక కూర్చుంది.

"పిలవవే."

"అమ్మా..."

"దోమకి జలుబు చేసిందా? గట్టిగా!"

"అమ్మా!"

"ఎవరు?"

"నేను..."

"నేనంటే ఎవరే? రాణీగారా? పేరు చెప్పు. ఎందుకొచ్చావో చెప్పు. తల పైకెత్తి చెప్పు!"

సాయంత్రానికి నూకాలి గొంతు ఏటి అవతలికి వినిపించింది. చేపలవాళ్ళు ఇటు తిరిగి, "ఆఁ, ఎవరూ?" అని కేకేశారు. పాకంతా నవ్వులే నవ్వులు.

మర్నాడు సోమిశెట్టి గుమ్మం ముందు ఆ గొంతే మోగింది.

"అమ్మా! నేను నూకాలిని! మూడిళ్ల నిప్పుకి వచ్చాను!"

శెట్టి అరుగు మీంచి లేచాడు. "ఎంత పొగరు! నా వాము తగలబెట్టి, నా ఇంటికే నిప్పుకి వస్తావా?"

వంటింట్లోంచి శెట్టి భార్య రాజ్యం గరిటెతో నిప్పులు పట్టుకుని వచ్చింది.

"తప్పుకోండి, చెయ్యి కాలుతుంది."

"రాజ్యం! అది కాల్చింది మన వామునే!"

"వాము మీది. పొయ్యి నాది. 'ఆడదాని రాజ్యం పొయ్యి దగ్గరే' అని రోజూ మీరే కదా అంటారు? రాజ్యం ఏలుతున్నాను. అడ్డం లేవండి." పెంకులో నిప్పులు వేస్తూ గొంతు తగ్గించింది. "ఆ రోజు నేను చూశాను నూకాలూ. రాజుగారి ముందు నోరు విప్పలేదు. ఇది నిప్పనుకో, క్షమాపణ అనుకో."

శెట్టి గొణుక్కుంటూ మళ్ళీ అరుగెక్కి కూర్చున్నాడు.

ఇక మూడో నిప్పు. రేపు పున్నమి.

"ఇంకే ఇంటికైనా వెళ్ళు, ఇస్తారు" అన్నారు పాకలోవాళ్ళు. నూకాలు తల అడ్డంగా ఊపింది. గానుగ సన్యాసమ్మ ఇంటికి వెళ్ళింది. పిలిచింది. పేరు చెప్పింది.

సన్యాసమ్మ తలుపు తీసి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రాజుగారు వేసిన శిక్ష అనుభవించావు. నాకేం చేశావు?"

నూకాలు తల దించలేదు.

"ఏమీ చెయ్యలేదక్కా. గాలి వీస్తోందని నాకు తెలుసు. తెలిసే అంటించాను. కోపంలో నీ పాక గుర్తు రాలేదు, నీ ఎద్దు గుర్తు రాలేదు. నా మీద చెయ్యి వేసింది శెట్టి. నీకు నష్టం చేసింది మాత్రం నేనే."

"రాజసభలో నా పాక సంగతికి అందరూ గాలిదే తప్పన్నారు. ఎవరూ నా గుమ్మానికి రాలేదు" అంది సన్యాసమ్మ. అని, తలుపు వేసేసింది. నిప్పు పెట్టలేదు.

నూకాలు తల ఎత్తి గానుగపాక చూసింది. సగం కప్పు ఉంది. సగం ఆకాశం ఉంది.

తెల్లారేసరికి సన్యాసమ్మ వాకిట్లో తాటాకుల మోపులు దిగాయి. దాలమ్మ అవ్వ, పాకలోని ఆడవాళ్ళు, అందరికంటే ముందు నూకాలు.

"నేను మిమ్మల్ని పిలవలేదే!" అంది సన్యాసమ్మ.

"పిలవకపోతే పని చెయ్యకూడదని కట్టుబాటేమీ లేదులే" అంది అవ్వ. "నువ్వు నిప్పు పెట్టినా పెట్టకపోయినా ఈ కప్పు వేసే పోతాం."

పాటలు పాడుతూ ఆకులు పరిచారు. నూకాలు కప్పెక్కి కట్లు బిగించింది. మధ్యాహ్నానికి ఆ సగం ఆకాశం పోయి నీడ వచ్చింది. ఆ నీడలోకి ఎద్దు నింపాదిగా వచ్చి నిలబడింది. దాని వీపు మీద అరచేయంత మచ్చ.

ఆ రోజుల్లో ఎద్దులు మాట్లాడేవి. ఇప్పుడూ మాట్లాడతాయేమో, వినే ఓపిక మనకే లేదు.

నూకాలు దిగివచ్చి దాని ముందు తలవంచింది. "నా మీద నీకు కోపం లేదా?"

"ఉంది" అంది ఎద్దు. "కాలిన వీపు నాది కదా. ఆ మచ్చ దగ్గర తెగ దురద. నా కొమ్ము అందదు, నా తోక అందదు. నువ్వు చెరసాలలో కూర్చున్నన్నాళ్ళూ నా వీపు ఒక్కసారైనా గోకావా? ఆ చెయ్యి బయట ఉంటేనే నాకు లాభం. ఊఁ, గోకు. ఇంకాస్త ఎడమకి."

నూకాలు గోకింది. ఎద్దు కళ్ళు మూసుకుని, "ఆహా!" అంది.

సన్యాసమ్మ నవ్వకూడదనుకుంది. పెదవి కొరుక్కుంది. ఆగలేక పకపకా నవ్వేసింది. నవ్వుతూనే లోపలికి వెళ్ళి, పొయ్యి కదిపి, ఎర్రటి నిప్పులు పెంకు నిండా తెచ్చింది.

"రోజూ వచ్చి దాని వీపు గోకాలి. తెలిసిందా?"

"రోజూ వస్తానక్కా."

చంద్రుడు పైకి వచ్చే వేళకి తలారి కర్ర తాటించుకుంటూ నూకాలి గుడిసెకి వచ్చాడు. లోపల మూడిళ్ల నిప్పు ఒకే పొయ్యిలో భగభగలాడుతోంది. మూకుడు మూత మీద నిప్పులు, కింద నిప్పులు. దిబ్బరొట్టె వాసన వీధి దాకా వచ్చింది. తలారి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నిలబడ్డావేం తమ్ముడూ? పొలిమేర దాటిస్తావా, గుమ్మం దాటి వస్తావా?" అంది నూకాలు.

తలారి కర్ర బయట పెట్టి, లోపలికి వచ్చి, రెండు రొట్టెలు తిన్నాడు. మూడోది ఇంటికి కట్టించుకున్నాడు.

కొన్నాళ్ళకి, పాకకి రొట్టెలు పట్టుకెళ్తున్న నూకాలు ఆగింది. తలుపు ముందు ఎవరో కొత్త మనిషి, మాటా పలుకూ లేకుండా నిలబడి ఉంది.

నూకాలు తలుపు తియ్యలేదు. పక్కన నిలబడి, చేతిలో వేడి రొట్టె పెట్టి, చెవిలో చెప్పింది.

"తోసి చూడమ్మా."

శిక్ష వెయ్యడానికి ఒక్క రాజు చాలు. మనిషిని మళ్ళీ నిలబెట్టడానికి మూడిళ్ల నిప్పు కావాలి.