గాయంకొండపై గండిరాయుడు ఒరిగిన వైనం

నల్లమల తూర్పు అంచున, మొగిలేరు వాగు రెండు గుట్టలను చీల్చుకొని మైదానంలోకి దిగే చోట గాయంకొండ క్షేత్రం ఉంది. వాగు ఒడ్డు నుండి మూడు వందల పైచిలుకు మెట్లు ఎక్కితే గుడి వస్తుంది. ధ్వజస్తంభం లేదు, గంట లేదు. గర్భగుడిలో స్వామి నిలబడి గానీ, కూర్చొని గానీ ఉండడు. కుడిచేయి తలకింద పెట్టుకొని పక్కకు ఒరిగి ఉంటాడు. ఎడమ పక్కటెముకల కింద నాలుగు వేళ్లు పట్టేంత గాయం కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన భక్తులు శేషశయనుడనుకొని నమస్కరిస్తారు. ఈయన శేషశయనుడు కాదు, గండిరాయుడు. ఆ గాయం చేసినది రాక్షసుడూ కాదు, శత్రురాజూ కాదు. కొండ కింది గొల్లవాడకు చెందిన గురవమ్మ అనే ఇల్లాలు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, స్వయంగా రాయుడే ఉండేవాడు. గొంగడి కప్పుకొని గండి పక్కన బండమీద కూర్చొని, మందలు తోలుకొచ్చే గొల్లలకు వరద ఎప్పుడు వస్తుందో, పులి ఏ పక్కన ఉందో చెప్పేవాడు. చూపులకు ముసలి కాపరిలా ఉన్నా ఆయన దేవుడని అందరికీ తెలుసు. ఆయన పాదాలు నేలకు బెత్తెడు ఎత్తున ఉండేవి. ఎండలో నీడ పడేది కాదు. రెప్ప వేసేవాడు కాదు, చెమట ఎరుగడు. మెడలోని అడవిపూల దండ ఏడాది గడిచినా వాడేది కాదు.

గురవమ్మ పన్నెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు మొగిలేరు పొంగి ఆమెను లాక్కుపోయింది. రాయుడు ఒడ్డుకు చేర్చేసరికి ఆమెలో ప్రాణం లేదు. ఆయన తన ఊపిరిని ఆమెలోకి ఊదాడు. పిల్ల దగ్గి, నీళ్లు కక్కి, లేచి కూర్చుంది. ఆనాటి నుండి ఆమె రోజూ ఒక ముంతెడు మజ్జిగ తెచ్చి ఆయనకు ఇచ్చేది. పెళ్లయింది, బిడ్డలు పుట్టారు, భర్త చిరుత వాత పడ్డాడు. ఇన్ని జరిగినా మజ్జిగ మాత్రం ఒక్కనాడూ మానలేదు. తండ్రి లేని ఆ మనిషికి ఆయనే తండ్రి.

ఆమెకు నలభై దాటిన ఏడు, ఎండలు మొదలయ్యే వేళ ఎర్రజ్వరం వచ్చింది. కళ్లు నిప్పుల్లా ఎర్రబడేవి, మూడోనాటికి మనిషి పోయేవాడు. తొమ్మిది ఇళ్లలో దీపం పెట్టే దిక్కు లేకపోయింది. గొల్లవాడ పెద్ద తిరిపాలయ్య బండ ముందు సాగిలపడి ఏడ్చాడు. రాయుడు లేచి, గడప గడపకూ వెళ్లి, రోగి నుదుటిమీద చేయి వేసి ఆ జ్వరాన్ని తనలోకి లాక్కున్నాడు. నలభై రోజుల్లో ఏడు పల్లెలు తిరిగాడు. పడకేసినవారందరూ లేచారు.

లేచిన సంతోషంలో ఆయన వంక తేరిపార చూసినవారు లేరు. గురవమ్మ చూసింది. ఒకనాడు ఆయన వెనుక నీడ పడింది. మరికొన్నాళ్లకు పాదాలు నేలను తాకి, మడమలకు దుమ్ము అంటుకుంది. దండలో పూలు రాలాయి. ఒక ఉదయం మజ్జిగ అందుకుంటూ ఆయన రెప్ప వేశాడు. నుదుటిమీద చెమట చూసి ఆమె కొంగుతో తుడవబోతే చేయి పట్టుకొని ఆపాడు.

"ముట్టుకోకమ్మా. అందులో జ్వరం ఉంది."

"నీకు తగ్గదా సామీ?"

"ఇది ఒంట్లో చేరితే తగ్గేది కాదు. బిగపట్టి ఉంచాను. పట్టు సడలుతోంది."

తరువాత ఆయన సంగతంతా చెప్పాడు. తనంతట తాను కూలిపోతే ఈ జ్వరం ఒళ్లు చీల్చుకొని బయటపడుతుంది, అప్పుడు ఏడు పల్లెలే కాదు, గాలి వీచినంత మేర మనుషులు మిగలరు. పట్టు ఉండగానే ఎవరైనా తనను చంపితే తనతోపాటే అది ఆరిపోతుంది. నీడ పడిన దేవుడికి చావు ఉంటుంది గానీ, మామూలు చేతి ఆయుధం దిగదు. ఆయన ఊపిరితో బతికిన మనిషి చేయి కావాలి.

"అటువంటిదానివి నువ్వొక్కదానివే ఉన్నావు, గురవమ్మా."

ఆమె చేతిలోని ముంత అక్కడే పెట్టేసింది. "ఇందుకేనా నన్ను ఏట్లోంచి తీశావు?" అని అడిగింది.

"కాదమ్మా. ఆరోజు నువ్వు మునిగిపోతున్నావు. అంతకు మించి నేనేమీ ఆలోచించలేదు."

ఆమె ఏడుస్తూ కొండ దిగి తిరిపాలయ్యతో చెప్పింది. ఆయన చెవులు మూసుకున్నాడు. "దేవుణ్ణి చంపుకున్న ఊరు బాగుపడుతుందా! నోటితో అనడమే పాపం" అని కసిరాడు. ఆయన మాటమీద ఊరంతా కదిలి స్వామికి బలం రావాలని పాలు, పొంగళ్లు, పొట్టేళ్లు మూడు రోజులపాటు సమర్పించింది. పోసిన పాలు ఆయన పెదవుల పక్కనుంచి కారిపోయాయి. నాలుగోనాటి ఉదయం, బండ కింద కారిన చెమట నాకిన కుక్క ఒకటి ఎర్రకళ్లతో తూలిపడి చచ్చింది. తిరిపాలయ్య కోడలికి ఒళ్లు కాలిపోవడం మొదలైంది.

గురవమ్మ ఇంటి చూరులోంచి భర్త ఈటె తీసింది. మిట్టమధ్యాహ్నం వేళ ఒక్కతే కొండ ఎక్కింది. రాయుడు పక్కకు ఒరిగి ఆమె కోసమే చూస్తున్నాడు. ఎడమ పక్కటెముకల కింద వేలు పెట్టి చోటు చూపించాడు. ఆమె ఎత్తబోయిన ఈటె మొన రాతికి తగిలి చప్పుడైంది. కళ్లు గట్టిగా మూసుకుంది.

"కళ్లు మూసుకోకు తల్లీ. దెబ్బ తప్పితే నాకు రెండుసార్లు నొప్పి."

ఆమె కళ్లు తెరిచింది. ఆయన ముఖంలోకి చూస్తూనే, ఉన్న బలమంతా పెట్టి పొడిచింది. నెత్తురు రాలేదు. ఉడుకుతున్న కుండ మూత తీసినట్టు వేడిగాలి ఒకటి పైకి లేచి, చుట్టూ గడ్డిని మాడ్చి, ఆకాశంలో కలిసిపోయింది. రాయుడు చివరిసారి రెప్ప వేసి, ఉన్నవాడు ఉన్నట్టే రాయి అయ్యాడు. ఆమె వాగునీళ్లు తెచ్చి గాయం కడిగింది, వేపాకు, పసుపు నూరి అద్దింది, గొంగడి కప్పింది. అప్పుడు కూలబడి, గొంతు పోయేదాకా ఏడ్చింది.

జ్వరం మళ్లీ రాలేదు. కానీ ఊరు ఆమెను రానివ్వలేదు. దేవుణ్ణి చంపిన చేయి అని నిప్పు, నీళ్లు ఇవ్వడం మానేశారు. కన్నబిడ్డలే తలుపు వేసుకున్నారు. ఆమె ఎవరితోనూ వాదించలేదు. కొండమీదే గుడిసె వేసుకొని, దుంపలు తిని, ప్రతిరోజూ ఆ గాయం కడుగుతూ మూడేళ్లు గడిపింది.

నాలుగో ఏడు తిరిపాలయ్య కర్ర ఊతంగా, అప్పటికి మెట్ల దారి లేని ఆ కొండ ఎక్కాడు. ఆమె ఎదుట తలపాగా తీసి నేలమీద పెట్టాడు.

"నాకు ఆరోజే తెలుసు చెల్లెలా. నువ్వు కొండెక్కిన మధ్యాహ్నమే నా కోడలి ఒళ్లు చల్లబడింది. తెలిసీ, నలుగురూ నన్నూ వెలివేస్తారని నోరు మూసుకున్నాను."

"మూడేళ్లు పట్టిందా అన్నా, ఈ కొండెక్కడానికి!" అన్నది గురవమ్మ. ఆ తరువాత ఆయన రొప్పుతుండడం చూసి, ఉడికిన దుంపలు ఆకులో పెట్టి ముందుకు జరిపింది. ఇద్దరూ కలిసి తిన్నారు.

మరునాడు ఊరంతా వచ్చింది. గుడి కడతామన్నారు, స్వామిని లేపి నిలబెడతామన్నారు. గురవమ్మ అడ్డుపడింది. "నిలబెట్టకండి. అలిసిపోయాడు. డప్పులూ వద్దు, గంటలూ వద్దు" అన్నది. తనకు గుడి కట్టవద్దని కూడా చెప్పింది. ఆ మాటను ఈనాటికీ ఎవరూ దాటలేదు.

నేటికీ ఇక్కడ పూజారులు ఆమె వంశంలోని ఆడవారే. ఏటా చైత్రమాసంలో, ఆమె ఈటెతో కొండెక్కిన నాడే, మధ్యాహ్నం వేళ గాయాన్ని కడిగి పసుపు, వేపాకు అద్దుతారు. మిగిలిన రోజుల్లో భక్తులే తమ చేతులతో అద్దవచ్చు. దీర్ఘరోగులను కనిపెట్టుకొని ఉన్నవారు ఆ పసుపు తీసుకువెళ్తే చేతులకు ఓపిక వస్తుందని నమ్మకం. తమవారి కడపటి రోజుల్లో, వైద్యం ఇక చాలునని తామే చెప్పవలసి వచ్చినవారు కూడా ఎక్కడెక్కడి నుండో వస్తారు. ఏం జరిగిందని వారిని ఎవరూ అడగరు. గాయంమీద చేయి ఉంచి ఎంతసేపైనా కూర్చోవచ్చు. వెలుపలికి వచ్చాక, గుడి పక్క సావిట్లో పూజారమ్మ ఆకు వేసి పక్కనే కూర్చుంటుంది. నాలుగు ముద్దలు తిన్న తరువాతే కొండ దిగనిస్తారు.